సున్నా పాయింట్ ఏడు

హకొదాతెలో డిసెంబరు. నాలుగింటికే చీకటి.
ట్రాము డిపో నుంచి వచ్చి బూట్ల మంచు దులిపేసరికి
గుమ్మంలో తకెనోరి పంపిన పార్సిలు.
లోపల మా జలాంతర్గామి ఆట,
నీలం ప్లాస్టిక్కు, మూల మీద పంటిగాట్లు.
ఆ పళ్ళు వాడివి. ఇప్పటికీ ఒప్పుకోడు.
"అక్కా, దీన్ని బతికించు, మా పిల్లకిస్తాను.
నువ్వు కరెంటు మనిషివి కదా."

బ్యాటరీల గది తెరిస్తే పచ్చటి చిలుము.
వెనిగరులో ముంచిన దూదిపుల్లతో గీకితే
స్ప్రింగే ఊడి అరచేతిలో పొడైంది.
ఇక మిగిలిన దారి, పక్కన ఆ చిన్న రంధ్రం.

అడాప్టరు కూడా పంపాడు, మరిచిపోకుండా.
అన్నిటికీ ఇదొక్కటే అని చెప్పి అమ్మిన సరుకు:
నల్లటి ఇటుక, పొడవాటి తోక, తోక చివర నాలుగు నోళ్ళు.
బల్ల మీద పరిస్తే అచ్చం ఎండబెట్టిన స్క్విడ్.
ఒక మీట మీద మూడు, నాలుగున్నర, ఆరు, ఏడున్నర, తొమ్మిది.
ఇంకో మీట గోరంత:
ప్లస్సు లోపలా, బయటా?

తకెనోరికి ఎప్పుడూ లోపలే.
ఆట వెనక బొమ్మ గీసి చెప్పినా లోపలే.
కాలిపోతుందిరా అని నేను అరిచేదాన్ని.
వాడు పెట్టేవాడు. తెర నల్లగా ఉండేది.
కాలేది మాత్రం కాదు.
మీట తిప్పితే ఏమీ ఎరగనట్టు
మళ్ళీ పచ్చటి ఓడలు బయల్దేరేవి.
ఓర్పున్న ఆట అనుకున్నాం.

గుంజకి కట్టిన మేకల్లా
మీటరున్నర తీగ పొడవునే మా ఆట.
కిటికీ అవతల జలసంధిలో
స్క్విడ్ పడవల దీపాల వరస, తెర మీద ఓడల వరస.
ఏ వరస ముందు మునుగుతుందో అని పందెం కాశాను ఒకసారి.
అమ్మ చెంప పగలగొట్టింది.
పక్కింటి ఇషిజాకి గారు ఆ రాత్రి ఆ పడవల మీదే ఉన్నారు.

ఏడున్నర దగ్గర ఎర్రటి గోళ్ళరంగు చుక్క, అమ్మ పెట్టింది.
ఆట వెనక రాసింది ఆరు.
నలభై ఏళ్ళు ఆ చుక్క తప్పనే అనుకున్నాను.

నాలుగు మరలు విప్పాను.
బోర్డు నిండా ఫ్యాక్టరీ టంకం, సన్నగా, వరసగా.
ఒక్కచోట రెండు లావుపాటి బొట్లు,
వాటి మధ్య బియ్యపుగింజంత డయోడు,
నల్లటి ఒంటికి తెల్ల గీత.
కరెంటు ఒకవైపు నుంచి వస్తే పోనిస్తుంది,
ఎదురుగా వస్తే తలుపు తియ్యదు.
దారి విడిచినందుకు కూలి
సున్నా పాయింట్ ఏడు వోల్టులు.

ఆ బొట్లు నాకు తెలుసు.
పగలంతా స్క్విడ్ ఎండేసే షెడ్డులో,
రాత్రి వంటింటి బల్ల మీద
ముక్కకి మూడు యెన్ల లెక్కన రేడియో బోర్డులు అతికేది అమ్మ.
టంకం ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే.
మేస్త్రీ దానికీ కోత వేసేవాడు.

ఏడున్నరలో పాయింట్ ఏడు పోతే ఆరుకి రాదు.
మీటరు పెట్టి చూశాను.
ఈ ఇటుక చెప్పిన మాట మీద నిలబడే రకం కాదు.
ఆట తగిలించగానే కుంగి, ఆరు పాయింట్ తొమ్మిది.
కూలి పోను ఆరు పాయింట్ రెండు.
చుక్క తప్పు కాదు.

పక్కగదిలో హీటరు ముందు కూర్చుని
అమ్మ మంచు ఎంత పడుతుందో వింటోంది. ఎనభై రెండేళ్ళు.
బోర్డు చూపిస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టింది.
"వాడికి చెప్తే వినడుగా.
అందుకని దానికి చెప్పాను."

మరి నాకు?
"నీకు చెప్తే అరవడం మానేసేదానివి."

ప్లగ్గు గోడకి పెట్టాను. ఇటుక మూలిగింది.
ఎడమ అంచున ఒక పచ్చటి ఓడ,
మధ్యలో ఒక గీత వెలగడం లేదు, దానికి పొగగొట్టం లేదు.
అమ్మ ఆట లాక్కుంది.
బొటనవేలు మీట మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, నొక్కింది.

గురి తప్పింది.
"పక్కకి జరుగు," అంది, "వెలుతురుకి అడ్డం ఉన్నావు."